అత్త చుట్టుకునే కాలం

ఆ వీధిలో ఎండాకాలం వచ్చిందని ఎవరూ క్యాలెండరు చూసి తెలుసుకోరు. ఒక పొద్దున కొళాయి తిప్పితే నీళ్ళకి బదులు బుస్సుమని గాలి వస్తుంది. ఆ వెంటనే మలుపులో ఉన్న ఇంట్లో కుట్టుమిషను ఆగిపోతుంది. మిషను ఆగిందంటే అత్త చుట్టుకుందన్నమాట. ఇంక వీధిలోవాళ్ళు బిందెలు కడిగి గుమ్మాల ముందు వరసగా పెట్టేసుకుంటారు.

అత్త అంటే ఆ ఇంటి అమ్మాయికి మేనత్త. వీధికంతటికీ కూడా అత్తే, ఎందుకంటే అందరి ప్యాంట్ల పొడవు తగ్గించేదీ, అందరి జిప్పులూ మార్చేదీ ఆవిడే. యాభై దాటినా చలాకీ మనిషి, మాటకి మాట అప్పజెప్పే మనిషి. కొళాయి ఎండిపోతే మాత్రం ఎడమ భుజం ఇటు నుంచీ, కుడి భుజం అటు నుంచీ లోపలికి తిరిగి, చప్పుడు లేకుండా చాపలా చుట్టుకుపోతుంది. మళ్ళీ తొలివాన పడేదాకా అంతే. వాళ్ళ నాన్నమ్మ వైపు ఆడవాళ్ళకి ఇది ఉంది, కొన్ని ఇళ్ళల్లో మగవాళ్ళకి బట్టతల ఉన్నట్టు.

అలా చుట్టుకున్న మనిషిని వదిన రెండు చేతులా ఎత్తి బీరువా పక్కన నిలబెట్టేది. వదిన అంటే అత్త అన్నగారి భార్య, అమ్మాయికి తల్లి. అన్నగారు పోయాక ఆడవాళ్ళు ముగ్గురే ఆ ఇంట్లో. వదిన అప్పుడప్పుడూ చుట్ట మీద దుమ్ము దులిపేది. అవతలి మనిషి ఎలాగూ ఎదురు చెప్పలేదు కాబట్టి, ఏడాదంతా దాచుకున్న దెప్పుళ్ళన్నీ దులుపుతూనే అప్పజెప్పేది.

"హాయిగా ఉందా నీకు? నీళ్ళు మోసేది నేను, ముడుచుకుని నిలబడేది నువ్వు. పుట్టింటి హక్కంటే ఇదేనమ్మా."

లోపల అత్తకి అన్నీ వినబడేవి. వాన పడి విప్పుకోగానే, ఇంకా మడతలు కూడా పోకముందే, ఒక్కొక్కదానికీ వరస తప్పకుండా జవాబు చెప్పేది. తొలివాన రోజున ఆ ఇంటి వైపు వెళ్ళకపోవడం మంచిదని వీధిలో అందరికీ తెలుసు.

అమ్మాయి ఊరి చివర పంటల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. వరి మొక్కలని ఎండగట్టి, అప్పుడవి ఏం చేస్తాయో చూడడం ఆమె ఉద్యోగం. ఇంట్లో అత్తని చూసే ఆ చదువు ఎంచుకుందని వీధిలోవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. డాక్టరు సీటు రాకపోతే ఎంచుకుందని వదిన చెబుతుంది.

అక్కడ పక్కపక్కనే రెండు మళ్ళున్నాయి. ఒకదానికి కడుపునిండా నీళ్ళు. రెండోదాని మీద చుక్క వాన కూడా పడకుండా, పట్టాల మీద అటూ ఇటూ జరిగే ప్లాస్టిక్ కప్పు. రెండింట్లోనూ అవే వరి రకాలు. మిట్టమధ్యాహ్నం టోపీ పెట్టుకుని, ఆకు ఎంత చుట్టుకుందో చూసి మార్కులెయ్యాలి. విచ్చుకుని ఉంటే ఒకటి, ఉల్లికాడలా గుండ్రంగా అయిపోతే తొమ్మిది. ఆ తర్వాత ఆకుముక్కలు కత్తిరించి, పొగలు కక్కే చల్లని నైట్రోజన్‌లో పడేసి, పొడి చేసి ల్యాబులో మిషనుకిస్తే, ఏ జన్యువు గొంతు పెంచిందో ఏది తగ్గించిందో అది చెబుతుంది. జన్యువులు అన్ని మొక్కల్లోనూ ఉన్నాయి. ఎప్పుడు నోరు తెరుస్తాయి, ఎంత గట్టిగా తెరుస్తాయి అన్నదాంట్లోనే తేడా. వదినకీ నోరుంది, కేంద్రం గేటు దగ్గర కాపలాదారుకీ నోరుంది, కానీ కాపలాదారు గొంతు విన్నవాళ్ళు లేరు. చివరికి కోతలయ్యాక ఏ మొక్కకి ఎన్ని గింజలొచ్చాయో చూస్తారు. ఆ గింజలే అసలు మార్కులు.

మార్కులెయ్యడం అమ్మాయికి ఎంత అలవాటైపోయిందంటే, గాలి వేడెక్కిన రోజున ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే "ఇవాళ అత్త రెండు" అనేది. అత్త భుజాలు సర్దుకునేది.

ఇంక ట్యాంకరాయన. ఎండాకాలం ఆ వీధికి నీళ్ళు తెచ్చే లారీ ఆయనది. పొడుగాటి మనిషి, చొక్కా చేతులు ఎప్పుడూ తడే. నోట్లో నాలుక లేదనే చెప్పాలి. బిందెల దగ్గర ఆడవాళ్ళు కొట్టుకుంటుంటే, తప్పంతా తనదే అయినట్టు తలొంచుకుని నిలబడతాడు. మలుపింట్లో పెరటి డ్రమ్ము నింపడానికి గొట్టం లాక్కుంటూ ముందు గదిలోంచే వెళ్ళాలి. మొదటిసారి వచ్చినప్పుడు బీరువా పక్కన ఉన్న అత్తకి నమస్కారం పెట్టాడు. రెండోసారి ఎండలెలా ఉన్నాయో చెప్పాడు. అడ్డు తగలకుండా వినే మనిషి ఆయనకి జన్మలో దొరకలేదు కాబోలు, ఆ తర్వాత ఇంక ఆగలేదు. లారీ గేర్ల సంగతి, చిన్నప్పటి చెరువు సంగతి, ఒక్కడే వండుకుంటే ఉప్పెక్కువయ్యే సంగతి, అన్నీ గడగడా చెప్పేవాడు. పెరట్లో డ్రమ్ము పొంగిపొర్లేది.

అలా చెప్పీ చెప్పీ, కిందటేడు ఆఖరి ట్రిప్పులో గొంతు తగ్గించి, "మీకు అభ్యంతరం లేకపోతే మనం పెళ్ళి చేసుకుందామండీ. తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి" అనేసి వెళ్ళిపోయాడు. వంటింట్లో వదిన చేతిలోని బకెట్టు కాలి మీద పడింది.

చుట్టుకున్న మనిషి ఏం చెబుతుంది? మళ్ళీ ట్రిప్పు రాకముందే వాన పడింది. అత్త విప్పుకుంది. వదిన దెప్పుళ్ళకి ఒక్కదానికీ జవాబు చెప్పకుండా గుమ్మంలోకి పరిగెత్తి, "లారీ ఏదీ?" అంది. వానలో ట్యాంకరెందుకు వస్తుంది? నీళ్ళుంటే ఆయన రాడు, నీళ్ళు లేకపోతే ఈవిడ లేదు. ఈ చిక్కు అప్పుడర్థమైంది ముగ్గురికీ.

"ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అత్తా?" అంది అమ్మాయి.

"ఆయన ఎదురుగా నిలబడి అడిగాడు. నేను ఫోన్లో చెబుతానా? పైగా ఆయన ఫోను ఎప్పుడూ నీళ్ళల్లోనే ఉంటుందిట, ఆయనే చెప్పాడు. ఇల్లెక్కడో మాత్రం చెప్పలేదు."

అలా వానాకాలమంతా జవాబు పట్టుకుని కూర్చుంది. ఆ ఏడు వీధిలో ప్యాంట్లన్నీ కాస్త పొట్టివయ్యాయి.

ఎండలు మళ్ళీ మొదలవుతుండగా, ఒకరోజు కేంద్రం నుంచి వస్తున్న అమ్మాయికి నాలుగు రోడ్ల కూడలిలో ట్యాంకరాయన కనబడ్డాడు. లారీ దిగి, కాసేపు టైరు వైపు చూసి, మెల్లిగా అన్నాడు.

"మీ వీధికి శుక్రవారం ఒక్క ట్రిప్పేనమ్మా. ఆ తర్వాత నన్ను వేరే ఊరు వేశారు. ఇక్కడికి కొత్త లారీ, కొత్త మనిషి వస్తారు." మళ్ళీ టైరు వైపు చూశాడు. "వారు ఎలా ఉన్నారు?"

"ప్రస్తుతానికి విచ్చుకునే ఉన్నారండీ."

"అయ్యో," అన్నాడాయన. సంతోషమో దిగులో ఆయనకే తెలిసినట్టు లేదు.

ఆ సాయంత్రం అత్తకి ఈ కబురు చెప్పేసరికి ఆవిడ మొహం పాలిపోయింది. కొళాయి రేపోమాపో ఆగేలా ఉంది. శుక్రవారం దాకా తను నిలవదు. ఈసారి జవాబు చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేదు. అంత మాటకారి మనిషీ మిషను మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చింది.

"మీ పొలంలో మొక్కలకేమైనా చేస్తారా, చుట్టుకోకుండా?" అంది కళ్ళు తుడుచుకుని.

అమ్మాయి నిజం చెప్పే రకం. ఓదార్చడం తర్వాత నేర్చుకుందామనుకుంది గానీ ఇంకా నేర్చుకోలేదు. "ఏం చెయ్యం అత్తా, చూస్తాం అంతే. నీళ్ళున్న మడిలో ఎవరెలా ఉన్నా పెద్ద తేడా రాలేదు. ఎండిన మడిలోనే వచ్చింది. ఎండ తగలగానే హడావిడిగా కేకలు పెట్టి చుట్టేసుకున్న మొక్కలు బతికాయి గానీ, ఆకు మూసుకుంటే తిండి తయారవదు కదా, గింజలు రాలేదు. అసలు చుట్టుకోనివి మాడిపోయాయి. కాస్త ఆగి, మధ్యస్తంగా చుట్టుకున్న వాటికే గింజ నిలిచింది."

"అయితే మీ పొలంలో నేనైతే ఏరి పారేసేవాళ్ళన్నమాట."

"మేం ఏరం. ఎండ కూడా ఏరదు, దానికంత ఓపికెక్కడిది? ఎవరికి గింజలెక్కువొస్తే, వచ్చే ఏడు మడిలో వాళ్ళ పిల్లలే ఎక్కువుంటారు. అంతే జరిగేది."

"ఆపవే," అంది వదిన. "పెళ్ళి కాని మనిషి ముందు పిల్లల లెక్కలేంటి?"

అమ్మాయికి అప్పుడు తట్టింది తనేం మాట్లాడిందో. అత్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "అది ఈ ఏటి లెక్క అత్తా. ఎప్పుడో నిజంగా చుక్క నీరు లేని ఏళ్ళొచ్చుంటాయి. అప్పుడు ఆగి చూద్దామనుకున్నవాళ్ళు పోయారు, ముందే చుట్టుకున్న మన ముత్తవ్వలు మిగిలారు. వాళ్ళు మిగిలారు కాబట్టే నువ్వున్నావు, నాన్న పుట్టాడు, నేనున్నాను. నీ ఒళ్ళు తప్పేం చెయ్యట్లేదు. కాకపోతే నీ ఒంటికి ట్యాంకరు సంగతి తెలీదు."

అత్త కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. తర్వాత, "మరి దానికి ఏం తెలుసు?" అంది.

"వేరుకి మట్టి ఎండినట్టు తెలిస్తే ఆకుకి కబురు పంపుతుంది. నీకు ఆ కబురు కొళాయి బుస్సే. బుస్సు వినబడకపోతే ఎండాకాలం రానట్టే."

దాంతో పథకం తయారైంది. డాబా మీద పెద్ద డ్రమ్ము పెట్టి, దాన్నుంచి వంటింటి కొళాయికి పైపు కలిపారు. వీధి లైను కట్టేశారు. డ్రమ్ములో నీళ్ళుంటే కొళాయి సన్నగా పారుతూనే ఉంటుంది. అయితే డ్రమ్ము నింపడానికి నీళ్ళేవి? వదిన నోరు ఒక్కసారి కూడా విప్పకుండా తన స్నానం చెంబుడు నీళ్ళకి తగ్గించుకుంది, బట్టలు ఉతకడం మానేసింది. ఆడపడుచు వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతుందని ఆవిడకి గుబులుగానే ఉంది. అయినా బకెట్టు మీద బకెట్టు మోసింది. సంగతి తెలిసి వీధిలోవాళ్ళూ తలా ఒక బిందె తెచ్చి పోశారు. అత్త సుఖం కోరి కొందరు, కుట్టాల్సిన ప్యాంట్లుండి కొందరు.

వీధి కొళాయిలన్నీ ఆగిపోయాయి. మలుపింట్లో మాత్రం మిషను నడుస్తూనే ఉంది.

"ఇదంతా నాటకమని తెలిసి కూడా నువ్వు చుట్టుకోవట్లేదేమిటి?" అని అడిగింది వదిన.

"నాకు తెలుసు వదినా. నా ఒంటికి చెప్పకు."

శుక్రవారం పొద్దెక్కాక లారీ వచ్చింది. అప్పటికి డ్రమ్ములో అడుగున కాసిని నీళ్ళున్నాయి. అమ్మాయి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. అత్త మిషను ముందు కూర్చుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ఒకే గుడ్డముక్కని అటూ ఇటూ కుడుతోంది.

ట్యాంకరాయన గొట్టం లాక్కుంటూ గుమ్మంలోకొచ్చాడు. అలవాటుగా బీరువా వైపు తిరిగి నమస్కారం పెట్టి, అక్కడెవరూ లేకపోవడం చూసి, ఇటు తిరిగాడు. మొహం, కళ్ళు, కళ్ళజోడు ఉన్న మనిషి తనకేసి చూస్తోంది. ఆయన గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

"కూర్చోండి," అంది అత్త.

"గొట్టం... గొట్టం ఉందండీ చేతిలో."

"కింద పెట్టండి."

పెట్టాడు. మళ్ళీ తీశాడు. గొట్టానికి రబ్బరు వాషరు అరిగిపోయిందనీ, కొత్తది వెయ్యాలనీ, వేస్తే కారదనీ చెప్పాడు. చెప్పాక ఇంకేం లేదు. వంటింటి తలుపు వెనక వదిన నెత్తి కొట్టుకుంది. రెండు ఎండాకాలాల పాటు వాగిన మనిషికి ఇవాళ వాషరు తప్ప మాట దొరకలేదు.

"కిందటేడు నన్నొక మాట అడిగారు," అంది అత్త.

"ఏ మాటండీ?" అన్నాడు భయంతో. అన్న వెంటనే ఆయన మొహం చూస్తే, ఆ మాటని లాగి మింగెయ్యాలని ఉన్నట్టుంది.

అత్తకి కోపం వచ్చింది, కానీ కోపానికి టైము లేదు. "సరే, నేనే అడుగుతాను. నేను ఎండలన్నాళ్ళూ చుట్టుకుని ఉంటాను. ఏ పనికీ రాను, మాట్లాడను. అలాంటి మనిషితో ఎలా వేగుతారు?"

"ఎండలన్నాళ్ళూ నాకు డ్యూటీయేనండీ. లారీలోనే పడుకుంటాను. వానలు మొదలైతే ఖాళీ, ఇంటిపట్టునే ఉంటాను." ఇంత చెప్పి ఆగిపోయాడు. తనేం చెప్పాడో తనకే మెల్లిగా అర్థమవుతోంది. అత్తకీ అర్థమైంది. తలుపు వెనక వదినకైతే ఎప్పుడో అర్థమైంది.

ఆ తర్వాతి మాట ఆయన అనాలి. అత్త ఎదురుచూసింది. ఆయన పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. విచ్చుకున్న మనిషి మొహంలోకి చూస్తూ అలాంటి మాట అడగడం ఆయన వల్ల కావడంలేదు. చెమటతో చొక్కా ఇంకాస్త తడిసింది.

అప్పుడు డాబా మీద డ్రమ్ము ఖాళీ అయింది. వంటింట్లో కొళాయి బుస్సుమంది.

అత్త భుజాలు లోపలికి తిరగడం మొదలుపెట్టాయి.

"మూడు," అంది అమ్మాయి, అలవాటు కొద్దీ.

"ఆపుకో, ఆపుకో!" అని అరిచింది వదిన తలుపు తోసుకుని వస్తూ. ఆపుకోవడం అత్త చేతిలో ఉంటేగా. కానీ మిషను బల్ల అంచు పట్టుకుని, పళ్ళు బిగించి, ఆవిడ కాస్త మెల్లిగా చుట్టుకుంది. "నాలుగు... అయిదు..." అంటోంది అమ్మాయి.

అయిదు దగ్గర ఒక సంగతి జరిగింది. సగం చుట్టుకున్న అత్త ట్యాంకరాయనకి తెలిసిన అత్తలా కనబడింది. ఆయన నోరు పెగిలింది.

"నేను అడిగింది గుర్తుందండీ! రోజూ గుర్తుంది! మొహం చూస్తే మాట రాలేదు, క్షమించాలి. మనం పెళ్ళి చేసుకుందామండీ. ఉప్పు తగ్గిస్తాను, మీరు లోపల ఉన్నన్నాళ్ళూ వారానికోసారి వచ్చి దుమ్ము దులుపుతాను—"

"దానికి ఏడాది నుంచీ నా దగ్గర జవాబుంది," అంది అత్త. ఆవిడకి ఇంకా నోరు బయటే ఉంది, ఆయనకి అప్పుడే నోరొచ్చింది. ఆ కాసేపట్లోనే ఇద్దరూ మాట్లాడగలిగారు. ఇంకొంచెం ముందు ఆయన అడగలేకపోయేవాడు, ఇంకొంచెం తర్వాత ఆవిడ చెప్పలేకపోయేది.

"ఏడు," అంది అమ్మాయి ఏడుపు గొంతుతో. అత్త నోరు లోపలికెళ్ళిపోయింది. జవాబు ఇంకా చెప్పలేదు. కానీ కుడి చెయ్యొక్కటి బయటే ఉండిపోయింది. ఆ చెయ్యి గాలిలో వెతికి, తడి చొక్కా దొరకబుచ్చుకుని, గట్టిగా లోపలికి లాగింది.

ట్యాంకరాయన "అయ్యో" అనలేదు. గొట్టం వదిలేసి, చెప్పులు విడిచి చుట్టలోకి వెళ్ళాడు.

తొమ్మిది.

వీధిలో లారీ నిలబడే ఉంది. ఆడవాళ్ళు తామే వాల్వు తిప్పుకుని బిందెలు నింపుకున్నారు. ఆ రోజు ఎవరూ కొట్టుకోలేదు. సాయంత్రానికి ఇంకో డ్రైవరొచ్చి లారీ తీసుకెళ్ళాడు. వదిన చుట్టని ఎత్తబోయింది, కదల్లేదు. గది మధ్యలోనే ఉంచి చుట్టూ తిరిగి నడిచారు. లోపల కొత్తమనిషి ఉన్నాడు కదా అని వదిన ఆ ఎండాకాలమంతా ఒక్క దెప్పుడు మాట కూడా అనలేదు. దులిపేటప్పుడు, "అన్నయ్యగారూ, కాస్త తలుపు పక్క నుంచి దులుపుతున్నానండీ" అని మర్యాదగా చెప్పి దులిపేది.

తొలివాన దంచి కొట్టింది. కొళాయిలు తెరిచి ఉన్న ఇళ్ళన్నీ తడిసిపోయాయి. కుట్టాల్సిన ప్యాంట్లు చంకన పెట్టుకుని వీధి సగం గుమ్మంలో నిలబడింది. అందరూ చూస్తున్నారు. చుట్ట విప్పుకోలేదు.

ఆ రోజు గడిచింది, మర్నాడూ వాన పడింది. విప్పుకోలేదు. కొళాయి బుస్సుమంటే చుట్టుకుని, చినుకు పడితే విప్పుకునే మనిషి. వదినకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "లోపల ఏమైనా అయ్యుంటుందే! చూడవే, నీ చదువు ఎందుకు!"

అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని చుట్టకి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏమంటున్నారే?"

"ఆయన చెబుతున్నాడమ్మా. అత్త మాటమాటకీ అడ్డొస్తోంది. ఇద్దరూ నవ్వుతున్నారు."

వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత గుమ్మంలోకి వెళ్ళి, ఇంకో నాలుగు రోజులాగి రమ్మని, ప్యాంట్లవాళ్ళందర్నీ ఇళ్ళకి పంపేసింది.